ముద్ద మింగని పిల్లలకు చేయూత: ఫీడింగ్ థెరపీలో కెరీర్

రెండేళ్లు నిండినా మిక్సీ పట్టిన అన్నమే కావాలనే పిల్లలు, ఒక్క ముద్దను అరగంట బుగ్గన పెట్టుకుని కూర్చునే పిల్లలు, ఫోన్‌లో పాట మోగితే తప్ప నోరు తెరవని పిల్లలు. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి చుట్టుపక్కల చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్లకు తల్లిదండ్రులు మోసుకొచ్చే దిగులు ఇదే. వీళ్లందరికీ థెరపీ అక్కర్లేదు, కొందరికి మాత్రం తప్పదు. ఆ తేడా కనిపెట్టి, అవసరమైన పిల్లలకు తినడం నేర్పేవారే ఫీడింగ్ థెరపిస్టులు. కోకాపేట నియోపొలిస్‌లో 2023 భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన సంగతి అందరికీ తెలుసు. అక్కడి టవర్లలో కాపురం పెడుతున్న కుటుంబాలకు కావలసిన ఈ వృత్తి గురించి మాత్రం మన ఇంటర్ విద్యార్థులకు చెప్పేవాళ్లు లేరు.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఫీడింగ్ థెరపీ పేరుతో మన దగ్గర విడిగా డిగ్రీ లేదు. స్పీచ్ థెరపీలోనో, ఆక్యుపేషనల్ థెరపీలోనో డిగ్రీ చేసి, ఆ పునాది మీద ఈ నైపుణ్యం సంపాదించుకోవాలి. స్పీచ్ వైపు వెళ్లాలంటే బీఏఎస్‌ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ) చేయాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఇది బైపీసీ వాళ్లకే అనుకుంటారు గానీ, ఎంపీసీ వాళ్లకూ అవకాశం ఉంది. ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే చాలా సంస్థలు దరఖాస్తు తీసుకుంటాయి. నోటిఫికేషన్ చూసి నిర్ధారించుకోండి. జేఈఈలో ర్యాంకు రాలేదని కుంగిపోయే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండు!

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఈ కోర్సు ఉంది. మైసూరులోని ఐష్‌కు (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) దేశమంతటా పేరుంది, సీటు ఎంట్రన్స్ పరీక్షతో వస్తుంది. చేరబోయే కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకోవడం మాత్రం మరవకండి. డిగ్రీ పూర్తయ్యాక అదే కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. అది లేకుండా ప్రాక్టీస్ చేయకూడదు. ఆక్యుపేషనల్ థెరపీ వైపు వెళ్లాలంటే బీఓటీ చేయాలి, దానికి బయాలజీ కావాలి. కటక్ దగ్గరి స్వామి వివేకానంద జాతీయ సంస్థ, వేలూరు సీఎంసీ దీనికి పేరున్న చోట్లు. పోషకాహారం చదవాలనుకునే డిగ్రీ విద్యార్థులకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దగ్గర్లోనే ఉంది. డైటీషియన్ కూడా ఫీడింగ్ టీమ్‌లో మనిషే, అయితే నోటి లోపలి పని మాత్రం స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపిస్టులది.

ఆ పనేమిటో కాస్త దగ్గరగా చూద్దాం. వయసుకు తగ్గట్టు తినలేకపోవడాన్ని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక వైద్య సమస్యగా నిర్వచించింది. వైద్య కారణాలు, పోషకాహారం, తినే నైపుణ్యం, మానసిక సామాజిక పరిస్థితులు అని నాలుగు కోణాలు చూడమంది. పెంకితనం అని తిట్టే చాలా ప్రవర్తనల వెనక వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక లయలో కుదరాలి. ఆ లయ సాధారణంగా గర్భంలో 34 వారాలు గడిచేసరికి గానీ రాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు దవడ నిలవదు. ఆటిజం ఉన్న బిడ్డకు పెరుగన్నం తడి వేలికి తగిలినా భరించలేనట్టుంటుంది.

పిల్లాడికి తరచుగా పొలమారుతుంటే ఇంట్లో ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటారు. థెరపిస్ట్ అలా ఊరుకోకూడదు. తిండి ఊపిరితిత్తుల వైపు పోతోందేమో అని అనుమానించాలి. మాటిమాటికీ నిమోనియా వచ్చిందా, పాలు తాగాక గొంతు తడితడిగా వినిపిస్తోందా అని అడగాలి, డాక్టర్ దగ్గరికి పంపాలి. కొందరు పిల్లల్లో దగ్గు కూడా రాదు, అప్పుడు ఎక్స్‌రే వీడియో లాంటి పరీక్షలోనే అసలు సంగతి తేలుతుంది. అది తేలకముందే నోట్లో ముద్ద పెట్టి థెరపీ మొదలుపెట్టడం ప్రాణాపాయం. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఈ పనిలోకి దిగొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

చిక్కదనం కొలవడమూ ఈ చదువులో భాగమే. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి మొనను వేలితో మూసి, రాగిజావ 10 గీత దాకా పోస్తారు. వేలు తీసి పది సెకన్లు లెక్కపెడతారు. ఒక మిల్లీలీటరు లోపే మిగిలితే అది నీళ్లంత పలుచన, సున్నా స్థాయి. నాలుగు నుంచి ఎనిమిది మధ్య మిగిలితే రెండో స్థాయి. ఇడ్డ్సీ అనే అంతర్జాతీయ కొలమానం ఇది. జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి బిడ్డకు పట్టే వేడిలోనే కొలవాలి. ఇది తెలియకపోతే ఆసుపత్రిలో సరిపోయిన జావే ఇంట్లో పొలమారుతుంది.

నమలడం రాని బిడ్డకు పొడవాటి, నోట్లో ఇట్టే కరిగే తిండిని పక్క చిగురు మీద పెడతారు. నాలుక అటువైపు కదలడం నేర్చుకుంటుంది. ముట్టడానికే భయపడే బిడ్డయితే చూడటం, తాకడం, వాసన చూడటం, నాకడం, ఆ తర్వాతే కొరకడం. ఇడ్లీ తునకను ముట్టుకున్నందుకే ఆ రోజు సెషన్ నెగ్గినట్టు. ఓపిక లేనివాళ్లకు ఈ వృత్తి సరిపడదు, చేరాక తెలుసుకోవడం కన్నా ముందే తెలుసుకోవడం మేలు.

ఆరో నెలలో అన్నప్రాశన ఘనంగా చేసి, ఆ తర్వాత ఏడాదిన్నర మిక్సీ వదలని ఇళ్లెన్నో. పలుకు తగిలితే ఓకరిస్తాడని భయం. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల మీద 2009లో వెలువడిన పరిశోధన ప్రకారం, తొమ్మిది నెలలు దాటాక గానీ పలుకున్న తిండి రుచి చూడని పిల్లల్లో ఏడేళ్ల వయసులో తిండి సమస్యలు ఎక్కువ. ఈ మాట చెప్పాల్సింది చాలాసార్లు అమ్మకు కాదు, మనవణ్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు, లేదా పగలంతా అన్నం పెట్టే ఆయాకు. "అమ్మమ్మగారూ, నోరు బలవంతంగా తెరవకండి, వాడే ముందుకు వంగేదాకా చెంచా ఆపండి" అని నొప్పించకుండా చెప్పగలిగితే సగం థెరపీ ఇంట్లోనే జరుగుతుంది. అందుకే తెలుగు బాగా మాట్లాడటం ఈ ఉద్యోగంలో పెద్ద అర్హత. కోకాపేటలో హిందీ, ఇంగ్లిష్ కూడా కావాలి.

డిగ్రీ చేతికి రాగానే అద్దాల క్లినిక్‌లోనే చేరాలనుకోవద్దు. మొదటి రెండేళ్లు నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనో, ప్రభుత్వ కేంద్రంలోనో గడపండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టుల పోస్టులు ఉంటాయి. కాంట్రాక్టు ఉద్యోగాలే కావచ్చు, కానీ అక్కడ చేతికి వచ్చే పని వేరు. అమెరికా వెళ్లాలనుకునే వాళ్లు స్పీచ్‌లో మాస్టర్స్ లేకుండా అక్కడ లైసెన్స్ రాదని గుర్తుంచుకోవాలి.

ప్రైవేటు సెంటర్‌కు ఇంటర్వ్యూకి వెళ్తే జీతం ఒక్కటే అడిగి రావద్దు. నెల జీతమా, సెషన్‌కు ఇంతని ఇస్తారా? రోజుకు ఎన్ని సెషన్లు? రిపోర్టులు రాయడానికి వేళ కేటాయిస్తారా? ఫీడింగ్ కేసులు చూసే సీనియర్ ఎవరు, మొదటి కొన్ని నెలలు వారి పక్కన కూర్చోనిస్తారా? బిడ్డకు ఊపిరి అడ్డుపడితే ఏం చేయాలో సిబ్బందికి శిక్షణ ఉందా? చివరి రెండు ప్రశ్నలకు సరైన జవాబు రాకపోతే, జీతం ఎంత చెప్పినా అక్కడ చేరకండి.