తయారుగా ఉన్న యాప్‌ను మారుస్తూ నేర్చుకుందాం



ఉపకార వేతనాల ఇంటర్వ్యూలలో కంప్యూటరు చదివే పిల్లలతో మాట్లాడే అవకాశం నాకు కొన్నేళ్లుగా కలుగుతోంది. “మొబైల్ యాప్‌లు చేయడం నేర్చుకోవాలని ఉంది, కానీ శిక్షణ ఫీజు కట్టే స్తోమత లేదు” అని కొందరు అంటారు. మరికొందరు చివరి సంవత్సరం ప్రాజెక్టును డబ్బిచ్చి కొని తెస్తారు. అందులో ఒక వరుస చూపించి “ఇది ఎందుకు రాశారు?” అని అడిగితే తల వంచుకుంటారు. తండ్రి కష్టార్జితమూ పోయింది, విద్యా రాలేదు. ఈ రెండు ఇబ్బందులకూ పనికొచ్చే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

తోడు వంటి కోడు

గిన్నెడు పాలు పెరుగు కావాలంటే చెంచాడు తోడు చాలు. అలాగే, చిన్నదైనా పూర్తిగా పనిచేసే కోడు ఒకటి ముందు చేతిలో ఉంటే దాన్ని మారుస్తూ పోయి మన యాప్ చేసుకోవచ్చు. ఖాళీ తెర ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పనిచేసే కోడులో ఒక మాట మారిస్తే ఏం జరిగిందో వెంటనే కంటికి కనబడుతుంది.

ఇందుకు నేను సూచించేది ఫ్లట్టర్. దీన్ని గూగుల్ సంస్థ తయారుచేసింది. మొదటి స్థిరమైన రూపం 2018 డిసెంబరులో వచ్చింది. ఉచితం. ఇందులో రాసే భాష పేరు డార్ట్. కంప్యూటరులో ఫ్లట్టర్ పెట్టుకుని ‘ఫ్లట్టర్ క్రియేట్’ అనే ఆదేశం ఇస్తే ఒక చిన్న యాప్ తయారై వస్తుంది. తెర మధ్యలో ఒక అంకె, కింద కూడిక గుర్తు ఉన్న బటన్ ఉంటాయి. బటన్ నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. దీన్నే ఇంట్లో పాల లెక్క రాసే యాప్‌గా మారుద్దాం.

మెట్టు మెట్టుగా అభ్యాసం

1. ముందు ఏమీ మార్చకుండా నడిపించండి. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో ‘బిల్డ్ నంబర్’ మీద 7 సార్లు తాకితే డెవలపర్ సదుపాయాలు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతించి, కేబులుతో కంప్యూటరుకు కలిపి, ‘ఫ్లట్టర్ రన్’ ఆదేశం ఇవ్వండి. యాప్ మీ ఫోనులోనే కనబడుతుంది.

2. మాటలు మార్చండి. ‘లిబ్’ ఫోల్డరులో ‘మెయిన్’ అనే డార్ట్ ఫైలు ఉంటుంది. అందులోని ఇంగ్లీషు వాక్యం తీసి “ఈ నెల తీసుకున్న అర లీటరు ప్యాకెట్లు” అని తెలుగులోనే రాయండి. రంగు కూడా మార్చండి. ఫైలు భద్రపరచి, ఆదేశాలిచ్చే కిటికీలో ‘ఆర్’ అక్షరం నొక్కితే మార్పు వెంటనే తెర మీదకు వస్తుంది. దీన్ని హాట్ రీలోడ్ అంటారు. రంగు మారినా లెక్కించిన అంకె అలాగే నిలిచి ఉండడం గమనించండి.

3. ఒకటి తీసి చూడండి. అంకెను పెంచే వరుస ‘సెట్ స్టేట్’ అనే పిలుపు లోపల ఉంటుంది. ఆ పిలుపు తీసేసి పెంచే వరుస మాత్రం ఉంచండి. ఇప్పుడు బటన్ నొక్కినా తెర మీద అంకె కదలదు. లోపల విలువ పెరుగుతూనే ఉంది, కానీ తెరను తిరిగి గీయమని చెప్పేవారు లేరు. ఫ్లట్టర్‌లో ముఖ్యమైన పాఠం ఇదే. తిరిగి పెట్టేయడం మరవకండి.

4. ఒకటి చేర్చండి. పొరపాటున రెండుసార్లు నొక్కితే తగ్గించడానికి ఇంకో బటన్ కావాలి. అంకె సున్నాకంటే తగ్గకూడదు. తరువాత ప్యాకెట్ ధరతో గుణించి నెల బిల్లు చూపించండి.

5. పరీక్ష నడపండి. ఈ కోడుతోపాటే ‘టెస్ట్’ ఫోల్డరు వస్తుంది. అంకె 0తో మొదలై, ఒకసారి నొక్కితే 1 అవుతోందా అని అది చూస్తుంది. మీరు ఒకేసారి 2 పెరిగేలా మార్చి ‘ఫ్లట్టర్ టెస్ట్’ ఆదేశం ఇస్తే అది తప్పు చూపుతుంది. కోడు తప్పా, నియమమే మారిందా అన్నది మీరే ఆలోచించి తేల్చాలి. ఉద్యోగంలో రోజూ చేసే పని ఇదే.

6. యాప్‌ను పూర్తిగా మూసి తెరవండి. లెక్క మళ్లీ సున్నా! విలువ తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంది కనుక పోయింది. దాన్ని ఫోనులో దాచడానికి ‘షేర్డ్ ప్రిఫరెన్సెస్’ అనే ప్యాకేజీ చేర్చుకోవాలి. ఈ మెట్టు దాటితే అమ్మ నిజంగా వాడుకోగల యాప్ అవుతుంది.

ఒక్కో మెట్టు పూర్తికాగానే గిట్‌లో భద్రపరచండి. చెడిపోతే వెనక్కు రావచ్చు. ఏం మార్చాను, ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది అని నోటుపుస్తకంలో మూడు వరుసలు రాయండి.

మన పిల్లలకు ఇంకొక అవకాశం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నేర్చినవారు యాప్‌లోని మాటలను రెండు భాషల్లో పెట్టి, ఎంచుకునే సదుపాయం చేర్చవచ్చు. అది మంచి ఏడో మెట్టు.

కొన్నదానికీ దీనికీ తేడా ఏమిటి?

రెండూ తయారుగా దొరికినవే కదా అని మీరు అడగవచ్చు. ప్రతి మార్పుకూ కారణం చెప్పగలిగితే అది మీ విద్య. చెప్పలేకపోతే ఎంత పెద్ద ప్రాజెక్టయినా పరాయిదే. కృత్రిమ మేధ సాధనాలు రాసిచ్చే కోడుకూ ఇదే గీటురాయి.

ఇతరుల కోడు తీసుకునేటప్పుడు లైసెన్సు చదవండి. ఎంఐటీ లైసెన్సు ఉంటే మార్చి వాడుకోవచ్చు, కాని అసలు రచయిత హక్కుల ప్రకటన తీసివేయకూడదు. అసలు లైసెన్సే లేకపోతే అనుమతి లేనట్లే. ప్రాజెక్టు నివేదికలో “ఈ కోడుతో మొదలుపెట్టాను, ఈ భాగాలు నావి” అని రాయడం చిన్నతనం కాదు.

తల్లిదండ్రులకు

ఖరీదైన ఫోను అక్కరలేదు, ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను చాలు. కంప్యూటరులో 8 జీబీ మెమరీ ఉంటే మంచిది. అంత లేకపోతే డార్ట్‌ప్యాడ్ అనే ఉచిత సదుపాయంలో, ఏమీ పెట్టుకోకుండానే, బ్రౌజరులో అభ్యాసం మొదలుపెట్టవచ్చు. యాప్‌ను గూగుల్ ప్లేలో పెట్టడానికి ఒకేసారి 25 డాలర్ల రుసుము ఉంది, కాని నేర్చుకునే దశలో ఆ ఖర్చు అవసరం లేదు. రోజుకొక గంట వారిని ఆటంకం లేకుండా కూర్చోనివ్వండి. వారం తరువాత “ఏం మార్చావు? ఎందుకు?” అని అడగండి. మీకు కంప్యూటరు తెలియకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగారంటే వారికి వచ్చినట్లే.

విద్యార్థులారా! ఇంటర్వ్యూకు వచ్చేటప్పుడు ధ్రువపత్రాలతోపాటు ఆ నోటుపుస్తకం కూడా తీసుకురండి. నేను మొదట చూసేది దాన్నే.