పనిలో పిల్లలు కనిపిస్తే: చేయవలసినవి, చేయకూడనివి

టీ కొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడి వయసెంత అని అడగండి. పదిహేను నిండాయనో, మా చుట్టాలబ్బాయి అనో, సెలవులకు వచ్చాడనో యజమాని అంటాడు. మూడూ చట్టం తెలిసినవాడి జవాబులే. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. అయితే బడి అయ్యాకో, సెలవుల్లోనో సొంతవాళ్లకు సాయపడొచ్చు. చట్టం లెక్కలో బాబాయి, మేనమామ, మేనత్త కూడా సొంతవాళ్లే. నన్నడిగితే చట్టానికి పెద్ద చిల్లు ఇదే.

ముందుగా చేయకూడనివి

యజమానితో గొడవ పెట్టుకోవద్దు. మీరు అరిచి వెళ్లిన గంటలో పిల్లవాణ్ణి ఇంకోచోటికి మార్చేస్తారు. అధికారులు వచ్చేసరికి కొట్టు ఖాళీ. తలుపులు మూసి పని చేయించే చోట్ల ఈ జాగ్రత్త మరీ అవసరం. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. ఇరుకు గదుల్లో పగలంతా పని, అక్కడే నిద్ర. అలాంటి చోట ముందే మాట పొక్కితే ఒక్క పిల్లవాడూ దొరకడు.

ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. రక్షణ అవసరమైన పిల్లల ముఖం, పేరు, ఊరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ మంచి మనసు అక్కడ అక్కరకు రాదు.

పిల్లవాణ్ణి మీరే ఇంటికి తీసుకెళ్లడం, బస్సెక్కించి ఊరికి పంపడం కూడా వద్దు. 'చదివిస్తాం, ఇంట్లో చిన్నచిన్న పనులు చేస్తే చాలు' అంటూ పల్లె నుంచి పిల్లను తెచ్చుకోవడం అసలే వద్దు. ఇంటి పనిలో 14 ఏళ్లలోపు పిల్లల్ని పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం.

చేయవలసినవి

పక్కకు వెళ్లి పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. 112కు చేసినా సరే. కేంద్ర కార్మిక శాఖ పెన్సిల్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. చోటు ఎక్కడ, గుర్తు ఏమిటి, ఎంతమంది పిల్లలు, ఏ వేళల్లో ఉంటారు, రాత్రి అక్కడే పడుకుంటారా, ఏ భాష మాట్లాడతారు, ఇవి చెబితే చాలు. వయసు తేల్చడం మీ పని కాదు. దానికి బడి రికార్డులున్నాయి, అవి లేకపోతే వైద్య పరీక్ష ఉంది. బయటికి తెచ్చిన పిల్లల్ని 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకున్నారని తెలిస్తే ఆ మాట తప్పక చెప్పండి. అప్పుడది 1976 నాటి వెట్టి చాకిరి నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. రెవెన్యూ అధికారులు ఇచ్చే విముక్తి పత్రం ఉంటేనే పునరావాస సాయానికి దారి. ఇటుక బట్టీల్లో ఇలాంటి అడ్వాన్సులు మామూలు. అక్కడ ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీయడం కంటే బట్టీ దగ్గరే బడి అడగడం మేలు. తెలంగాణలో ఒడియా పుస్తకాలతో అలాంటి బడులు నడిపారు.

గద్వాల, కర్నూలు వైపు సీడ్ పత్తి చేలలో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, ఆడపిల్లల్ని పిలుస్తారు. పురుగుమందు కొట్టిన చేలోనే రోజంతా నిలబడాలి. అక్కడ బయటివాళ్ల ఫోన్ కంటే బడి హాజరు పట్టీ ముందుగా పట్టిస్తుంది. వరసగా రాని పిల్లల ఇళ్లకు టీచర్లు, సర్పంచి కలిసి వెళ్లాలి. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న పట్టుదలతో బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చేసింది ఇలాంటి పనే. చదువు వదిలేసినవాళ్లను క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి, ఈడుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. 2009 విద్యా హక్కు చట్టంలో ఇప్పుడది హక్కు. టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో బడిలో చేర్చుకోకపోతే మండల విద్యాధికారిని నిలదీయండి.

తల్లిదండ్రులు కేసు పడుతుందని భయపడతారు. మొదటిసారికి వాళ్లకు శిక్ష లేదని చెప్పండి. యజమానికి మాత్రం 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఆ జరిమానాకు ప్రభుత్వం 15 వేలు కలిపి పిల్లవాడి పేరున బ్యాంకులో వేయాలి. వేశారో లేదో జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. అడిగేవాళ్లు లేకపోతే ఆ ఫైలు కదలదు.