ఫోనుకు రోజుకు ఎంత?



మనం అంగట్లో బియ్యం కొంటాం. కిలో ఎంత అని అడుగుతాం. చింతపండు కొంటాం. చేత్తో పట్టి చూస్తాం. తూకం సరిగా ఉందా అని ముల్లు వైపు చూస్తాం. బేరం చెయ్యకుండా చీర కొనం.

మరి ఫోనుకు రీఛార్జి వేయించేటప్పుడు?

అప్పుడు మాత్రం ఏమీ అడగం. నోటు ఇస్తాం. "వేసెయ్ నాయనా" అంటాం. వచ్చేస్తాం. ఎన్ని రోజులకు వేశాడో తెలియదు. ఏమేమి వస్తాయో తెలియదు. ఒకరోజు ఫోను మూగపోతుంది. మళ్లీ అంగడికి పోతాం.

రీఛార్జి కూడా సరుకే. దానికీ తూకం ఉంది. ఆ తూకం వేయడం ఈ పాఠంలో నేర్చుకుందాం. చిన్న గుణకారాలు, కూడికలు వస్తే చాలు.

అవ్వ అడిగింది

చంద్రగిరి పక్కన ఒక పల్లె. సాయంత్రం అరుగు మీద ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక అవ్వ తన బటన్ ఫోను పట్టుకొని వచ్చింది. మనవరాలిని అడిగింది.

"ఏం మే, మొన్ననే కదా 200 ఇచ్చి వేయించినా. అప్పుడే అయిపోయిందంటాడే! ఇంకా నెల కూడా కాలేదు."

"అది నెలకు కాదవ్వా. 28 దినాలకే."

"నెలంటే 30 కదా? ఆ రెండు దినాలు యాడికి పోయె?"

"అక్కడే ఉంది అవ్వా కిటుకు. ఏడాదికి నెలలు 12. కానీ 28 దినాల లెక్కన నువ్వు 13 సార్లు వేయించాల. 28ని 13తో గుణించి చూడు. 364 వస్తుంది. అంటే ఏడాదికి ఒక రీఛార్జి జాస్తి కడతా ఉండావు."

"అది సరే. నేను ఎవురికీ ఫోను చెయ్యను. నా బిడ్డ చేస్తే ఎత్తుకుంటా, అంతే. దానికేంటికి దుడ్లు?"

అవ్వ అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

సెల్లు ఫోను కథ

మన దేశంలో సెల్లు ఫోను 1995లో వచ్చింది. అప్పట్లో మనం చేసినా డబ్బే, మనకు వచ్చినా డబ్బే. 2003 నుంచి వచ్చే ఫోనుకు డబ్బు లేకుండా పోయింది. ఫోను చేసినవాళ్లే కడతారు. అందుకే చాలా ఏళ్లు మనం తక్కువ డబ్బు వేసుకొని, మిస్‌డ్ కాల్ ఇచ్చి బతికాం.

2018 చివరిలో ఈ పద్ధతి మారింది. కొన్ని పెద్ద కంపెనీలు ఒక షరతు పెట్టాయి. నెలనెలా కొంత రీఛార్జి వేస్తేనే ఫోను వస్తుంది అన్నాయి. వేయకపోతే పోయే ఫోను ఆగుతుంది. కొన్నాళ్లకు వచ్చే ఫోను కూడా ఆగుతుంది. అందుకే ఎవరికీ ఫోను చేయని అవ్వ కూడా డబ్బు కట్టాల్సి వస్తోంది.

2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కంపెనీలు ధరలు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 179 రూపాయలు ఉన్న 28 రోజుల ప్లాను 199 అయింది. ఆ ప్లానులో డేటా కూడా కలిసి ఉంటుంది. డేటా అంటే ఇంటర్నెట్. అవ్వ బటన్ ఫోనులో ఇంటర్నెట్ వాడదు. అయినా దానికీ కట్టింది. ఇది ఎలాంటిదంటే, పాలు మాత్రమే కావాలని పోతే పెరుగు కూడా అంటగట్టినట్టు.

2024లో వచ్చిన కొత్త నియమం

ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేయడానికి ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. దాని పేరు ట్రాయ్. అది 1997లో ఏర్పడింది.

2024 డిసెంబరు 23న ట్రాయ్ ఒక నియమం తెచ్చింది. ప్రతి కంపెనీ మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు కనీసం ఒకటి అమ్మాలి. అందులో డేటా కలపకూడదు. ముసలివాళ్లకు, ఇంట్లో వేరే ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు డేటా అవసరం లేదు. వాళ్ల చేత ఎందుకు కొనిపించాలి? అందుకే ఈ నియమం. ఇలాంటి ప్యాకుల గడువు అంతకు ముందు 90 రోజులు దాటకూడదు. ఇప్పుడు 365 రోజుల వరకు ఉండవచ్చు.

2025 జనవరిలో కంపెనీలు ఈ ప్యాకులు తెచ్చాయి. అంగడివాడు మనకు చెప్పకపోవచ్చు. మనమే అడగాలి. ఇలా అడగండి:

"నాయనా, డేటా లేకుండా మాటలకు మాత్రమే ఉండే ప్యాకు ఏది? దాని గడువు ఎన్ని రోజులు?"

తూకం వేద్దాం

ఇవి ఎయిర్‌టెల్ కంపెనీ 2025 జనవరి ధరలు. ధరలు మారుతూ ఉంటాయి. తూకం వేసే పద్ధతి మాత్రం మారదు.

మొదటిది: 199 రూపాయలు. 28 రోజులు. మాటలు, డేటా.
28ని 7తో గుణిస్తే 196. ఇంకా 3 రూపాయలు మిగులుతాయి. కాబట్టి రోజుకు 7 రూపాయల పైమాట.

రెండోది: 469 రూపాయలు. 84 రోజులు. మాటలు మాత్రమే.
84ని 5తో గుణిస్తే 420. మిగిలింది 49. ఇది 84లో సగం కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి రోజుకు సుమారు 5 రూపాయల 60 పైసలు.

మూడోది: 1849 రూపాయలు. 365 రోజులు. మాటలు మాత్రమే.
365ని 5తో గుణిస్తే 1825. మిగిలింది 24. కాబట్టి రోజుకు 5 రూపాయలు, మరి కొన్ని పైసలు.

ఇప్పుడు ఏడాది లెక్క చూద్దాం. 199 రూపాయల ప్లాను 13 సార్లు వేయిస్తే 2587 రూపాయలు. ఏడాది ప్యాకు 1849. తేడా 738 రూపాయలు.

మన రాష్ట్రంలో 2024 జులై నుంచి ముసలివాళ్లకు నెలకు 4000 రూపాయల పింఛను వస్తోంది. 2587 రూపాయలంటే నెల పింఛనులో సగానికి పైగా ఫోనుకే పోయినట్టు. 738 మిగిలితే బి.పి. మాత్రలు వస్తాయి. ఇంటికి పప్పు, నూనె వస్తాయి.

తక్కువ ధర అందరికీ మేలేనా?

కాదు. ఎవరి అవసరం వారిది. కొనేముందు ఈ సంగతులు చూసుకోండి.

మీ కొడుకు కువైటులో ఉన్నాడా? వాట్సాప్‌లో మాట్లాడతాడా? అయితే మీకు డేటా కావాలి. మాటల ప్యాకుతో వాట్సాప్ రాదు. ఆయన మామూలుగా ఫోను చేస్తే మీరు ఎత్తి మాట్లాడవచ్చు. మీకు డబ్బు పడదు. కానీ అక్కడ ఆయనకు ఎక్కువ పడుతుంది. మీరు ఇక్కడి నుంచి కువైటుకు మామూలు ఫోను చేస్తే ఈ ప్యాకులు పనికిరావు. దానికి వేరే డబ్బు కట్టాలి. మనవడి ముఖం చూసి మాట్లాడటమే మీకు ముఖ్యమైతే డేటా ఉన్న ప్లానే తీసుకోండి. అది దండగ కాదు.

మీ బిడ్డలు బెంగళూరులో, చెన్నైలో ఉన్నారా? మామూలు ఫోనే చేస్తారా? అయితే మాటల ప్యాకు చాలు.

మీ ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ వస్తుంది? ఇది చాలా ముఖ్యం. రోడ్డు మీద వచ్చే సిగ్నల్ వంటింట్లో రాకపోవచ్చు. కొండ పక్క పల్లెల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ఇరుగుపొరుగు వాళ్ల ఫోను తీసుకొని మీ ఇంట్లో నిలబడి మాట్లాడి చూడండి. ప్రభుత్వ కంపెనీ బి.ఎస్.ఎన్.ఎల్. ప్యాకులు కూడా అడగండి. సిగ్నల్ ఉంటేనే తీసుకోండి.

మీ ఫోను ఎలాంటిది? పాత 2జి బటన్ ఫోనులో జియో సిమ్ పనిచేయదు. దానికి 4జి ఫోను కావాలి. సిమ్ కొనేముందు ఫోను చూపించి అడగండి.

కుప్పం, వి.కోట, నగరి వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ ఒక్కోసారి తమిళనాడు టవరో, కర్ణాటక టవరో తగులుకుంటుంది. ఇలాంటి ప్యాకులు ఉంటే దానికి వేరే డబ్బు పడదు. భయపడవద్దు.

ఏడాదికి ఒకేసారి కట్టగలరా? 1849 రూపాయలు చిన్న మొత్తం కాదు. దానికోసం వడ్డీకి అప్పు చేయవద్దు. వడ్డీ కడితే మిగిలింది కూడా పోతుంది. 84 రోజుల ప్యాకు తీసుకోండి. రోజుకు 6 రూపాయలు హుండీలో వేస్తే 84 రోజులకు 504 అవుతుంది. మళ్లీ రీఛార్జికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. కొత్త సిమ్ అయితే మొదటే ఏడాదికి కట్టవద్దు. ఒక నెల వాడి చూడండి. సిగ్నల్ బాగుంటేనే పెద్ద ప్యాకు వేయించండి.

నెంబరు పోగొట్టుకోవద్దు

"ఇంత డబ్బు ఏల? ఈ సిమ్ పారేసి వేరేది కొంటా" అనుకుంటారు కొందరు. తొందరపడవద్దు.

మీ ఆధారుకు ఏ నెంబరు ఇచ్చారు? బ్యాంకుకు ఏ నెంబరు ఇచ్చారు? గ్యాసుకు ఏ నెంబరు ఇచ్చారు? ఓటీపీ వచ్చేది ఆ నెంబరుకే. సిమ్ చాలా కాలం వాడకపోతే కంపెనీ దాన్ని తీసేస్తుంది. ఆ తర్వాత కనీసం 90 రోజులు ఆగి, అదే నెంబరును ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ఎవరి చేతికో పోతుంది. నెంబరు మార్చక తప్పకపోతే ముందు బ్యాంకులో, ఆధారులో మార్పించండి. ఆ తర్వాతే పాత సిమ్ వదలండి.

కంపెనీ నచ్చకపోతే నెంబరు మార్చనక్కరలేదు. కంపెనీ మార్చవచ్చు. 2011 జనవరి నుంచి దేశమంతా ఈ వీలు ఉంది. పద్ధతి ఇదీ:

1. ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని కొట్టండి. ఒక ఖాళీ వదిలి మీ ఫోను నెంబరు కొట్టండి. 1900కు మెసేజి పంపండి.
2. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది 4 రోజులే పనిచేస్తుంది.
3. ఆ కోడ్, ఆధారు కార్డు తీసుకొని కొత్త కంపెనీ అంగడికి పోండి.

ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. ఆ కోడ్ ఫోనులో ఎవరు అడిగినా చెప్పవద్దు. అది మీ ఇంటి తాళంచెవి లాంటిది.

అంగట్లో అడగాల్సిన మూడు మాటలు

ఎంత? ఎన్ని రోజులు? ఏమేమి వస్తాయి?

డబ్బు ఇచ్చేముందే ఈ మూడూ అడగండి. రీఛార్జి వేశాక మెసేజి వస్తుంది. అక్కడే నిలబడి చదవండి. రూపాయలు చూడండి. రోజులు చూడండి. అంకెలు మీకు తెలుసు. తెలుగులో లేకపోతే ఇంకొకరి చేత చదివించుకోండి. గడువు తేదీని క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

ఈ నెంబర్లు రాసి గోడకు అంటించండి

198 – మీ ఫోను కంపెనీకి ఫిర్యాదు చేయడానికి.
155223 – అడగకుండానే పాటలు, జాతకాలు అంటూ డబ్బు కోస్తుంటే ఆపడానికి.
1909 – అమ్మకాల ఫోన్లు రాకుండా చేయడానికి.
1930 – ఫోనులో మోసం చేసి డబ్బు లాగేస్తే వెంటనే చెప్పడానికి.
14567 – ముసలివాళ్లకు సాయం చేసే నెంబరు.

కొత్త మాటలు

గడువు – ప్యాకు పనిచేసే రోజులు.
డేటా – ఫోనులో వాడే ఇంటర్నెట్.
ఓటీపీ – ఒక్కసారికే పనిచేసే రహస్య అంకెలు.
పోర్ట్ – నెంబరు మారకుండా కంపెనీ మారడం.

లెక్క చేయండి

2025 జనవరిలో జియో మాటల ప్యాకులు రెండు ఉన్నాయి. ఒకటి 448 రూపాయలు, 84 రోజులు. ఇంకొకటి 1748 రూపాయలు, 336 రోజులు.

1. ఏ ప్యాకు రోజుకు తక్కువ పడుతుంది?
2. 336 రోజులు ఏడాది అవుతుందా? ఎన్ని రోజులు తక్కువ?
3. మీ ఇంట్లో ఎన్ని సిమ్ములు ఉన్నాయి? పోయిన నెల వాటికి ఎంత కట్టారు? ఏడాదికి ఎంత అవుతుంది?

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఫోను ప్లాను ఎవరు ఎంచుతారు? వాడేది ఎవరు?
2. మీ ఊళ్లో ఏ కంపెనీ సిగ్నల్ ఏ వీధిలో బాగుంది? అందరూ కలిసి ఒక పట్టిక రాయండి.
3. మీ వీధిలో చదువు రాని అవ్వ ఎవరైనా ఉన్నారా? ఈ వారం ఆమె ఫోనుకు వచ్చిన మెసేజి చదివి పెట్టండి. రోజుకు ఎంత పడుతోందో లెక్క వేసి చెప్పండి.