పురి ఎక్కిన దారమే కండరము

నూలుకు పురి మితిమీరితే ఏమగునో మన ఇళ్లలో పిల్లలకు కూడ తెలియును. బిగువు కొంచెం సడలగానే దారం తనంతట తాను మెలికలు తిరిగి చుట్టుకొనును. క్రేప్ నేతలో ఈ గుణమే పనికివచ్చుచున్నది. గట్టి పురి దారాన్ని పేకగా వేసిన పట్టుగుడ్డను సబ్బునీట ఉడికించినప్పుడు అది ముడుచుకొనుట ఇందువల్లనే.

ఈ మెలికచేత బరువులెత్తించవచ్చునని అమెరికాలో డల్లాస్ నగరపు టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు 2014లో చూపిరి. వారు వాడినది చేపల గాలపు నైలాను దారము, కుట్టుదారము!

కిటుకు ఇది. సాగదీసి చేసిన నైలాను దారం వేడికి లావెక్కి, పొడవు కొద్దిగా తగ్గును. ఆ కదలిక దేనికీ చాలదు. దారానికి పురి పెట్టినచో వేడికి ఆ పురి విప్పుకోజూచును. ఇంకను పురి ఎక్కించి స్ప్రింగువలె చుట్టలు పడనిచ్చి, కొసలు తిరగకుండ పట్టినచో, ఆ విప్పుకోజూచు బలమే చుట్టలను దగ్గరకు లాగును. ఇట్లు పొడవు నూటికి 49 పాళ్ల వరకు తగ్గినది. అంతే పొడవు, అంతే బరువు గల మనిషి కండరం ఎత్తుదానికి 100 రెట్లు మించిన బరువును ఈ దారం ఎత్తినది. చల్లారగనే మరల సాగును. చుట్టను పురికి ఎదురు దిక్కున చుట్టినచో ఫలితం తారుమారై, వేడికి పొడవగును. కుడిపురి, ఎడమపురి కండెలు కలిసిపోతే కలుగు తిప్పలు ఎరిగినవారికి ఈ మాట విడమరచనక్కరలేదు.

చేసి చూడదలచినవారు మీటరు గాలపు దారాన్ని వేలాడదీసి, కింద బరువు కట్టి, ఆ బరువు తిరగకుండ అడ్డుపెట్టి, పై కొసను తిప్పుచు పోవలెను. బరువు చాలకున్న దారం చిక్కుపడును, ఎక్కువైన తెగును. చుట్టలన్నియు పడిన పిదప బరువు కొంచెం పెంచి వాటి నడుమ సందు ఉంచవలెను. సందు లేనిచో దగ్గరపడుటకు చోటెక్కడిది? జుట్టు ఆరబెట్టు యంత్రపు వేడిగాలి చాలును, మంట చూపరాదు.

లోపములు లేకపోలేదు. ఇచ్చిన వేడిలో చాలభాగం వృథాయే. జవళగేర వేసవి ఎండ 40 డిగ్రీలు దాటినను దారం కొంచెమే కదలును.

మనకు ముఖ్యమైన సంగతి వేరొకటి. 2017లో స్వీడను దేశపు లింషోపింగ్, బోరాస్ విశ్వవిద్యాలయాల వారు విద్యుత్తుకు కదలు పాలిమరును సెల్యులోజు నూలుకు పూతపెట్టి గుడ్డ చేసిరి. నేసిన గుడ్డలో పోగులన్నియు పక్కపక్కనుండి కలిసి లాగుటచే బలం హెచ్చినది. అల్లిన గుడ్డలో సాగుదల హెచ్చినది. అనగా దారం ఒక్కటే చాలదు, నేత కూడ పనిచేయును. నైలాను చుట్టదారాన్ని మగ్గమెక్కించదలచినచో మొదటి చిక్కు అంచు దగ్గరనే: కొస జారిన పురి విప్పుకొనును. రెండేసి పోగులను జంటపురి వేసినచో కొంత నిలుచును.