మేడిపండుపై విచారణ

ప్రతివాది మాట వినక, సాక్ష్యమును పరీక్షింపక చెప్పిన తీర్పు ఎంత ప్రాచీనమైనదైనను న్యాయము కానేరదు. అట్టి తీర్పొకటి మన దేశమున మేడిపండుపై చిరకాలమునుండి అమలునందున్నది. పైకి నిగనిగ, లోపల పురుగులు; కావున అది కపటమునకు గుర్తని పిల్లలకు నేర్పుచున్నాము. వేమన పిరికివాని బింకమునకు దీనిని ఉపమానముగా గ్రహించెను. ఆయన చెప్పినది మనుష్యుని గూర్చి. ఉపమానమును వృక్షశాస్త్రముగా గ్రహించుట మన దోషము.

ఖమ్మము సీమకును భద్రాచలపు అడవులకును నడుమ, పాల్వంచ చేరువ కిన్నెరసాని పారుచున్నది. ఒకవైపు కోయగూడెముల చేలు, ఒకవైపు అడవి. ఇట్టి యేటిగట్టులు మేడికి ప్రియమైన స్థానములు. అచ్చట నొక కాయను కత్తితో చీల్చి చూచినయెడల సాక్ష్యమంతయు బయటపడును.

మేడిచెట్టు పూయగా చూచితిమనువారు లేరు. ఏలయన దాని పూవులు లోపలనే యుండును. మనము కాయ యనునది నిజమునకు వేలకొలది సూక్ష్మపుష్పములను దాచుకొన్న మూతిముడిచిన సంచి. కొననున్న సన్నని రంధ్రమునకు పొలుసులు అడ్డుపడి యుండును. గాలికిని తేనెటీగకును అందు ప్రవేశము లేదు. సుమారు 2 మిల్లీమీటరుల పొడవుగల ఒక కందిరీగ ఆ ద్వారమున దూరగలదు.

ఆడు కందిరీగ వాసనను పట్టి వచ్చి, ఆ యిరుకున దూరునపుడు దాని రెక్కలు విరిగిపోవును. అది తాను మోసికొని వచ్చిన పుప్పొడిని పూవులపై నుంచి, కొన్నింట గ్రుడ్లు పెట్టి, అచ్చటనే మరణించును. గ్రుడ్లుపడిన పూవులు పిల్లపురుగులకు ఆహారము. తక్కినవానిలో చెట్టునకు గింజలు. అనగా చెట్టు తన పూవులలో కొంత భాగమును కూలిగా చెల్లించి సంతానమును పొందుచున్నది. వ్రాతలేని యీ యొడంబడిక ఆరుకోట్ల సంవత్సరములకు మించినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

కొన్ని వారములకు రెక్కలులేని మగపురుగులు ముందు వెలువడి, ఆడువానితో జతగూడి, కాయగోడకు సొరంగము త్రవ్వి, చచ్చును. ఆడుపురుగులు అప్పుడే విరిసిన మగపూవుల పుప్పొడిని రొమ్ముననున్న చిన్న సంచులలో నింపుకొని ఆ దారిని ఎగిరిపోవును. అటుపిమ్మటనే పండు ఎఱ్ఱబారి తియ్యనగును. మనము చీల్చినపుడు చూచునవి చాలవరకు ఈ జాతి పురుగులే. ఇవి పండును చెఱచిన దొంగలు కావు, పండునకు కారకములు.

దొంగలు వేఱుగ గలరు. పుప్పొడి మోయక, పొడవైన సూదితో కాయపైనుండియే గ్రుడ్లు చొప్పించు కందిరీగలు కొన్ని గలవు. ఆకులు కూర్చి గూడుకట్టు ఎఱ్ఱచీమలు కొమ్మలపై తిరుగుచు వానిని పట్టి తినును. కావలివాడు సైతము కీటకమే.

ఆడుపురుగు ఆయువు ఒకటి రెండు దినములు. ఒక చెట్టు కాయలు సాధారణముగా ఒక్కమారే పక్వమగును గావున, ఆ గడువులోపల లేతకాయలతో నున్న వేఱొక మేడి దానికి అందవలెను. ఒక మేడి ఫలించుటకు అనేక మేడులు బ్రతుకవలెను. చేనికి నీడయని గట్టుచెట్టును నరుకువాడు ఆ గొలుసులో నొక లంకెను త్రెంచుచున్నాడు. ప్రత్తికిని మిరపకును చల్లిన విషము గాలికి గట్టును చేరినయెడల, ఒక్కదినపు ప్రాణికి మరుదినము లేదు. ఇతర వృక్షములు కాయని నెలలలో సైతము ఏదోయొక మేడి కాయుచుండును; ఎలుగు, కొండముచ్చు, గబ్బిలము, పచ్చపావురము దానిని నమ్ముకొనియున్నవి.

ఈ జాతిదే యగు అంజూరము కథయును వినదగినది. 1880 ప్రాంతమున అమెరికావారు స్మిర్నానుండి, అనగా నేటి ఇజ్మీరునుండి, అంజూరపు కొమ్మలను తెచ్చి కాలిఫోర్నియాలో నాటిరి. చెట్లు పెరిగెను, కాయలు పండకయే రాలెను. స్మిర్నా రైతులు అడవి అంజూరపు కాయలను తోటచెట్లకు వ్రేలగట్టుట పూర్వాచారము. చదువుకొన్నవారు కొందరు దానిని మూఢవిశ్వాసమని పరిహసించిరి. ఆ కాయలలో నున్నది పుప్పొడి మోయు కందిరీగయే. 1899లో ఆ పురుగును తెచ్చి నెలకొల్పిన తరువాతనే కాలిఫోర్నియా తోటలు ఫలించెను.

సంస్కారమును కోరు మనకు ఇందొక మందలింపు గలదు. పరీక్షింపక నమ్ముట మూఢత్వమైనచో, పరీక్షింపక త్రోసివేయుటయు మూఢత్వమే. కావున మేడి కాచినపుడు మీ పిల్లలను చెట్టుకడకు గొనిపోయి, లేతకాయ యొకటి, దోరకాయ యొకటి, పండొకటి చీల్చి చూపుడు. గట్టుమీది మేడిని నరుకబూనిన పొరుగువానిని ఒక్కదినము ఆగుమని చెప్పి, అతనికిని చూపుడు. సాక్ష్యమును చూచిన పిమ్మట తీర్పు అతనిది.