బ్యాకప్‌తో పాటు పాత లోపమూ తిరిగొస్తుంది

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా విరుచుకుపడింది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని యూరోపోల్ లెక్కకట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాల్లోని కొన్ని కంప్యూటర్లకూ అది సోకింది. ఫైళ్లు తెరుచుకోవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టాలన్నది ఆ వైరస్ బెదిరింపు.

ఇలాంటి కంప్యూటర్‌ను మళ్లీ పనిలోకి తేవడానికి ఫైళ్లు ఒక్కటే చాలవు. ప్రింటరు, నెట్‌వర్క్, యూజర్ల పాస్‌వర్డులు, అన్నీ మునుపటిలా ఉండాలి. విండోస్ ఈ సెట్టింగులను రిజిస్ట్రీ అనే డేటాబేస్‌లో దాచుకుంటుంది. తెర వెనుక నిరంతరం పనిచేసే ప్రోగ్రాములను సర్వీసులు అంటారు. ప్రతి సర్వీసుకూ రిజిస్ట్రీలో ఒక పద్దు, అందులో ‘స్టార్ట్’ అనే ఒక అంకె ఉంటాయి. అది 2 అయితే కంప్యూటర్‌తో పాటే సర్వీసు మొదలవుతుంది. 3 అయితే అవసరమైనప్పుడు, 4 అయితే అసలు మొదలుకాదు. సర్వీసులను బ్యాకప్ నుంచి తేవడమంటే ఈ పద్దులను, వాటికి చెందిన సిస్టమ్ ఫైళ్లను పాత స్థితిలో పెట్టడమే.

వాన్నాక్రై కూడా ఈ జాబితాలోనే దూరింది. ‘మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ సెంటర్ (2.0) సర్వీస్’ అని పేరు పెట్టుకుంది. పోలీసుల కంప్యూటర్లో దొంగ కాపలావాడి వేషం వేయడమంటే ఇదే! అంతటితో ఆగలేదు. అడ్మినిస్ట్రేటర్ అధికారం దొరికిన చోట విండోస్ దాచుకున్న షాడో కాపీలను చెరిపేసింది, బ్యాకప్ కేటలాగును తొలగించింది, స్టార్టప్‌లోని రికవరీ సదుపాయాన్ని ఆపేసింది. షాడో కాపీలు పోతే రీస్టోర్ పాయింట్లూ పోతాయి. అదే డిస్కులో ఉండే రీస్టోర్ పాయింట్‌ను బ్యాకప్ అనుకోవడం పొరపాటని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. మరో భ్రమ ‘రెగ్‌బ్యాక్’ ఫోల్డరు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి రిజిస్ట్రీ నకలు అందులోకి దానంతటదే చేరదు. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, సైజు మాత్రం 0.

కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచిన డిస్కులో పూర్తి సిస్టమ్ ఇమేజ్ ఉంటే పని సులువే, కానీ క్రమం తప్పకూడదు. ముందు నెట్‌వర్క్ కేబుల్ ఊడదీయాలి, వైఫై ఆపాలి. సోకిన డిస్కును పూర్తిగా తుడిచాకే, వైరస్ రాకముందు తీసిన ఇమేజ్‌ను ఎక్కించాలి.

చాలామంది ఈ దశలోనే కేబుల్ తగిలించేస్తారు. వాన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ఎంఎస్17-010 ప్యాచ్ విడుదల చేసింది. బ్యాకప్ ఫిబ్రవరిదైతే అందులో ఆ ప్యాచ్ ఉండదు, పాత ఎస్ఎంబీ 1 సర్వీసు మాత్రం ఉంటుంది. అదే నెట్‌వర్క్‌లో వైరస్ సోకిన కంప్యూటర్ ఇంకొక్కటి ఉన్నా, 445 పోర్టు గుండా కొన్ని నిమిషాల్లోనే మళ్లీ అంటుకోవచ్చు. అందుకే ప్యాచ్‌ను శుభ్రమైన కంప్యూటర్‌లో దించుకుని పెన్ డ్రైవ్‌తో తెచ్చి వేయాలి. ఎస్ఎంబీ 1ని ఆపాలి, సర్వీసుల జాబితాను ఒకసారి చదవాలి. కేబుల్ ఆ తరువాతే.

పెద్ద కార్యాలయాల్లో ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఒక సంస్థ జగదల్‌పూర్ శాఖలోని కంప్యూటర్లు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయ్‌పూర్ ప్రధాన కార్యాలయపు సర్వర్‌కు అనుసంధానమై ఉన్నాయనుకుందాం. యూజర్లకే కాదు, అలాంటి ప్రతి కంప్యూటర్‌కూ సర్వర్ దగ్గర ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. మామూలుగా 30 రోజులకోసారి అది దానంతటదే మారుతుంది. మూడు నెలల నాటి బ్యాకప్ ఎక్కిస్తే కంప్యూటర్ చెప్పేది పాత పాస్‌వర్డ్, సర్వర్ దగ్గరున్నది కొత్తది. దాంతో సర్వర్ ఆ కంప్యూటర్‌ను గుర్తించదు. అప్పుడు ఆ కంప్యూటర్‌లోనే ఉన్న లోకల్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి బంధాన్ని కొత్తగా కలపాలి. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా బ్యాకప్ నాటిదే పనిచేస్తుంది, నిన్న మార్చుకున్నది కాదు. బ్యాకప్ డిస్కుతో పాటే ఆ రోజు తేదీ, అప్పటి పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని కవరులో పెట్టి బీరువాలో భద్రపరచడం మేలు.