పాత ప్రతి, కొత్త లోపం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులకు నెలవు. నారాయణగూడ నుండి, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల నుండి, ఆ చుట్టుపక్కల ఇరుకైన వసతి గదుల నుండి వచ్చి వారు అక్కడ గంటల తరబడి చదువుకొంటారు. వారికి ఒక జాగ్రత్త బాగా తెలుసు. పుస్తకం చేతికి రాగానే మొదటి పుటలు తిప్పి ముద్రణ సంవత్సరం చూస్తారు. తెలంగాణలో జిల్లాలెన్ని అని అడిగితే, రాష్ట్రం ఏర్పడిన 2014 నాటి పుస్తకం 10 అంటుంది. 2016 అక్టోబరు తరువాత ముద్రించినది 31 అంటుంది. 2019 ఫిబ్రవరి తరువాతిది 33 అంటుంది. వీటిలో ఏ పుస్తకమూ అబద్ధమాడలేదు. తాను వెలువడిన నాటి సత్యాన్నే ప్రతి పుస్తకమూ చెప్పింది. దానిని నేటి సత్యమని నమ్మిన అభ్యర్థికే మార్కు పోతుంది.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇటువంటి చిక్కే కలుగుతుంది.

ప్రోగ్రాము రాసేవారు ప్రతి ఆదేశాన్నీ తామే రాయరు. తేదీలను లెక్కించడం, అక్షరాలను తెరపై చూపడం వంటి పనులకు ఇతరులు ముందే రాసి ఉంచిన ఆదేశాల సంపుటాలను తెచ్చుకొంటారు. ఆ సంపుటాన్ని లైబ్రరీ అంటారు. ఒక ప్రోగ్రాము ఏ ఏ లైబ్రరీలపై నిలిచి ఉన్నదో వాటిని దాని డిపెండెన్సీలు అంటారు. మనం వాటిని ఆధారాలు అని పిలుచుకొందాం. లైబ్రరీలకు కూడా పుస్తకాల వలెనే కూర్పులు ఉంటాయి. ప్రతి కూర్పుకూ ఒక సంఖ్య ఉంటుంది.

అశోక్‌నగర్‌లో ఉండే ఒక విద్యార్థి పైథాన్ భాషలో ఒక ప్రశ్నానిధి ప్రోగ్రాము రాశాడనుకొందాం. అతని గదిలోని పాత కంప్యూటరులో అది చక్కగా నడుస్తున్నది. దానిని, ఏళ్ల క్రితం దించుకొన్న లైబ్రరీ ప్రతితో సహా, నారాయణగూడలోని మిత్రునికి ఇచ్చాడు. మిత్రుని కంప్యూటరు కొత్తది. ప్రోగ్రాము మొదలు కాకుండానే ఆగిపోయింది. “నా దగ్గర బాగానే నడిచిందిరా, నీ కంప్యూటరులోనే ఏదో తేడా ఉంది” అని ఇతడు, “నీ ప్రోగ్రామే తప్పు” అని అతడు. లోపాన్వేషణలో ఈ వాదన వలన పోయే కాలం అంతా ఇంతా కాదు.

తెరపై వచ్చిన దోష సందేశాన్ని కడవరకు చదవడం మొదటి పని. చాలామంది ఎర్రని అక్షరాలు చూడగానే బెదరి సందేశాన్ని మూసివేస్తారు. అయితే లోపం ఎక్కడ పుట్టిందో చెప్పే సాక్షి అదే. ఈ సందర్భంలో సందేశం చివరి పంక్తి, ‘కలెక్షన్స్’ అనే భాగంలో ‘మ్యాపింగ్’ అనే పేరు లేదని చెబుతున్నది. విద్యార్థి తన ప్రోగ్రామంతా వెదికినా మ్యాపింగ్ అనే మాట ఒక్కచోట కూడా కనబడలేదు. ఆ పంక్తికి పైన ఉన్న ఫైలు పేరు చూస్తే సంగతి బయటపడింది. ఆ ఫైలు అతడు రాసినది కాదు, అరువు తెచ్చుకొన్న లైబ్రరీలోనిది.

ఇది నిజంగా ఎందరికో ఎదురైన లోపం. 2012లో వెలువడిన పైథాన్ 3.3లోనే ఆ పేరును వేరొక భాగానికి మార్చారు. పాత దారిని తొమ్మిదేళ్లు తెరచి ఉంచి, 2021 అక్టోబరులో వచ్చిన 3.10తో మూసివేశారు. ఆ మధ్యకాలంలో హెచ్చరికలు లేకపోలేదు. కాని లైబ్రరీల లోపల పుట్టే అటువంటి హెచ్చరికలను పైథాన్ మామూలుగా తెరపై చూపదు. కనుక పాత దారిలో నడిచే లైబ్రరీ ఒకనాడు హఠాత్తుగా గోడకు తగిలినట్లు ఆగిపోతుంది.

రెండు కంప్యూటర్లలోని పైథాన్ కూర్పును, లైబ్రరీల కూర్పులను పక్కపక్కన రాసి పోల్చాలి. తేడా కనబడిన తరువాత అన్నిటినీ ఒక్కసారిగా మార్చరాదు. విడిగా ఒక శుభ్రమైన స్థలం కల్పించుకొని, అందులో ఒక్క లైబ్రరీని మాత్రమే కొత్త కూర్పుకు మార్చి, ప్రోగ్రామును మళ్లీ నడిపి చూడాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే, ప్రోగ్రాము నడిచినా దేనివలన నడిచిందో తెలియదు. అది వైద్యం కాదు, అదృష్టం.

తెలుగువారికి ఈ పాతదనం మరొక రూపంలో కూడా ఎదురైనది. ‘తెలుగు’ అన్న మాటలో మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్ లెక్కలో హల్లులు మూడు, అచ్చుల గుర్తులు మూడు, వెరసి 6. వాటిని యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచడానికి 18 బైట్లు కావాలి. పైథాన్ 3 ఈ మాట పొడవు 6 అంటుంది. పైథాన్ 2లోని మామూలు పదబంధం 18 అంటుంది. పాత పద్ధతిలో మాటను 10వ బైటు వద్ద కత్తిరిస్తే ‘తెల’ మిగిలి, పక్కన అర్థంలేని గుర్తు ఒకటి వచ్చి చేరుతుంది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది.

ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కిన సందర్భం కూడా ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ‘జ్ఞా’ అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కూడి సందేశంగా వస్తే, దానిని చూపబోయిన యాప్ మూతపడేది. ఒక యాప్ కాదు, అనేకం. ఇన్ని యాప్‌ల కర్తలు ఒకే తప్పు చేసి ఉంటారా? లేదు. అవన్నీ అక్షరాలను చిత్రించడానికి ఆధారపడిన కోర్‌టెక్స్ట్ అనే ఉమ్మడి లైబ్రరీలోనే దోషమున్నది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 కూర్పుతో దానిని సరిదిద్దింది. ఆ కూర్పును దించుకోని ఫోన్లలో మాత్రం దోషం అలాగే మిగిలింది.

మందు వచ్చిన తరువాత కూడా వాడకపోతే నష్టం ఎంత దూరం పోతుందో అమెరికాలోని ఈక్విఫ్యాక్స్ సంస్థ ఉదంతం చూపుతుంది. అపాచీ స్ట్రట్స్ అనే ఆధారంలోని దోషానికి 2017 మార్చిలోనే సవరణ వెలువడింది. సంస్థ తన వ్యవస్థలలో ఒకదానిని సవరించలేదు. మే నెలలో ఆ దారినే చొరబడిన దుండగులను జూలై చివరలో గాని గుర్తించలేదు. అప్పటికి సుమారు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు పరుల పాలయ్యాయి.

అయితే కొత్తది వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకొని మార్చడమూ తగదు. ఒక లైబ్రరీ కొత్త కూర్పు మరొక లైబ్రరీకి సరిపడకపోవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు తమ ప్రోగ్రాముతోపాటు ఏ లైబ్రరీ, ఏ కూర్పు అన్న పట్టికను కూడా భద్రపరుస్తారు. మన విద్యార్థి కూడా అదే చేశాడు. పాత ప్రతిని తీసివేసి, కొత్త కూర్పుల సంఖ్యలతో పట్టిక రాసి మిత్రునికి పంపాడు. నారాయణగూడలో ఈసారి ప్రోగ్రాము ఆగలేదు. తెరపై మొదటి ప్రశ్న కనబడింది: తెలంగాణలో జిల్లాలెన్ని? మిత్రుడు 33 అని రాశాడు. ప్రోగ్రాము తప్పు అన్నది. దాని జవాబుల పట్టికలో ఉన్నది 31.

అర్థాలు
నెలవు = నివాసం, స్థానం; కూర్పు = సవరించి వెలువరించిన ప్రతి; లోపాన్వేషణ = తప్పును వెదకడం; వెరసి = మొత్తం కలిపి; ఉదంతం = వృత్తాంతం.

ప్రశ్నలు
1. దోష సందేశాన్ని రచయిత సాక్షి అని ఎందుకన్నాడు?
2. ‘తెలుగు’ అన్న మాటకు 3, 6, 18 అన్న మూడు లెక్కలు ఎట్లా వచ్చాయో వివరించండి.
3. ‘జ్ఞా’ వలన అనేక యాప్‌లు మూతపడినా దోషం వాటిది కాదని ఎట్లా చెప్పగలం?
4. ప్రోగ్రాము సరిగా నడిచినా మిత్రుని జవాబును తప్పు అన్నది. ఇక్కడ పాతబడినది ఏది?